మే నెలలో ఉదయగిరి మెట్టకు వ్యాన్ తీసే ముందు

నెల్లూరు జిల్లాలో కావలి నుంచి వింజమూరు, ఉదయగిరి మీదుగా సీతారామపురం దాకా వెళ్ళాలంటే తెల్లారకముందే బయలుదేరండి.

ముందు నీళ్ళ సంగతి. మనిషికి 5 లీటర్లు, రేడియేటర్‌కి విడిగా ఓ క్యాను. ఈ మెట్టలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, దారిలో పట్టుకుందాంలే అనుకోవద్దు.

టైర్లలో గాలి బండి కదలకముందే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టెప్నీలో కూడా. పోయినేడు మా స్టెప్నీ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. జాకీ ఉంది, దాని రాడ్ ఇంట్లో ఉంది! చింతచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాం.

ఇంజన్ వేడెక్కితే ఆపేయండి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి, ఆవిరి ముఖాన కొడుతుంది.

డీజిల్ ఫుల్ ట్యాంక్. వండుకునే స్టవ్ ఉంటే సిలిండర్ వాల్వ్ మూసేశాకే బండి కదలాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల దగ్గర సిగ్నల్‌ని నమ్మలేం. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది, పులిహోర నయం.

సాయంత్రం గొర్రెల మందలు రోడ్డెక్కుతాయి. హారన్ కొడితే చెల్లాచెదురవుతాయి, కాపరి అదిలించేదాకా ఆగడమే.