విమాన సంస్థ క్రెడిట్ కార్డు మీకు గిట్టుబాటవుతుందా? తేల్చుకోవడం ఎలా

టికెట్ బుక్ చేసి డబ్బు కట్టబోతుంటే ఈ కార్డు ప్రకటన కనిపిస్తుంది. బోర్డింగ్ గేటు దగ్గర కూర్చుంటే కనిపిస్తుంది. కొన్ని విమానాల్లో సీటు బెల్టు పెట్టుకున్నాక కూడా సిబ్బంది వచ్చి చెబుతారు: ఈ కార్డు తీసుకుంటే ఇన్ని వేల మైళ్ళు ఉచితం. మైళ్ళంటే డబ్బుకు బదులు ఇచ్చి టికెట్ కొనుక్కోగల పాయింట్లు. ఆ అంకె ఎప్పుడూ పెద్దదే. దాని పక్కన వార్షిక ఫీజు చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ఒక మైలు విలువ ఎంతో తెలియకుండా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

నేను మొదటి కార్డు ఆ అంకె చూసే తీసుకున్నాను. బోనస్ మైళ్ళతో ఒక టికెట్ వచ్చింది, సంబరపడ్డాను. పదమూడో నెల స్టేట్‌మెంట్‌లో కిరాణా బిల్లుకీ ఫోన్ బిల్లుకీ మధ్య ఒక వరుసలో వార్షిక ఫీజు కనిపించింది. ఆ ఏడాది మొత్తం మీద ఆ సంస్థ విమానం ఎక్కింది ఒక్కసారి. అందుకే ఎవరు సలహా అడిగినా ఒకటే చెబుతాను: రెండో ఏడాది లెక్క వేసి చూసి తీసుకోండి. మొదటి ఏడాది బోనస్ ఉంటుంది కాబట్టి దాదాపు ఏ కార్డయినా లాభంగానే కనిపిస్తుంది.

గత ఏడాది కార్డు స్టేట్‌మెంట్లు, మెయిల్లో ఉన్న పాత టికెట్లు, ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. గంటలో తేలిపోయే పని ఇది.

1. బిల్లు ప్రతినెలా పూర్తిగా కడుతున్నారా?

కట్టడం లేదంటే ఇక్కడితో ఆగిపోండి. కార్డు ఇచ్చే మైళ్ళ విలువ ఖర్చులో ఒకటి రెండు శాతం ఉంటుంది. బాకీ మీద వడ్డీ చాలా చోట్ల ఏడాదికి 20 శాతం దాటుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు సాధారణంగా వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కట్టుకుంటూ మైళ్ళు పోగు చేసుకుంటే అది తడిసి మోపెడవుతుంది. ముందు బాకీ తీర్చండి, కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2. గత 12 నెలల్లో మీరు నిజంగా ఎక్కిన విమానాలు రాయండి

వచ్చే ఏడాది తిరగాలనుకుంటున్నవి కాదు, తిరిగినవి రాయండి. ప్రతి ప్రయాణం పక్కన నాలుగు విషయాలు: ఏ సంస్థ, డబ్బు ఎవరు కట్టారు, ఎంతమంది వెళ్లారు, చెక్-ఇన్ బ్యాగు ఇచ్చారా.

ఈ పట్టికే సగం జవాబు చెప్పేస్తుంది. ప్రతిసారీ ఏది చౌకగా ఉంటే అది ఎక్కేవాళ్ళ పట్టికలో నాలుగైదు సంస్థల పేర్లు ఉంటాయి. అలాంటివాళ్ళకు ఒక్క సంస్థ కార్డు దండగ. అది చేతిలో ఉందనే కారణంతో ఎక్కువ ధర పెట్టి ఆ సంస్థ టికెట్టే కొనడం మొదలుపెడితే చేతి చమురు వదులుతుంది. ఉండే చోటు నుంచి ఒకే సంస్థ ఎక్కువ విమానాలు నడుపుతుంటే మాత్రం పేర్లన్నీ ఒకటే అవుతాయి, అప్పుడు ముందుకు వెళ్లవచ్చు.

సంస్థల కూటములను కూడా గమనించండి. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ మొదలయ్యాయి. ఒక సంస్థ మైళ్ళతో అదే కూటమిలోని ఇంకో సంస్థ విమానం ఎక్కవచ్చు. దాంతో మైళ్ళు వాడుకునే దారులు పెరుగుతాయి. ఉచిత బ్యాగు లాంటి కార్డు సౌకర్యాలు మాత్రం సాధారణంగా ఆ ఒక్క సంస్థకే పరిమితం.

3. మీ మైలు విలువ మీరే కట్టండి

అసలు కష్టపడాల్సింది ఇక్కడే. తొందరపడకండి.

‘ఒక మైలు విలువ ఇంత’ అని రకరకాల లెక్కలు చూపిస్తారు. అవి ఇంకొకరి ప్రయాణాల లెక్కలు. మీకు కావలసింది మీరు మామూలుగా వెళ్లే చోటికి, మామూలుగా వెళ్లే రోజుల్లో ఆ మైలు ఎంత మిగులుస్తుందో. సంస్థ సైటు తెరవండి. పిల్లల సెలవుల్లోనే వెళ్లగలిగితే ఆ తేదీలే పెట్టండి. ఒకసారి డబ్బు ధర చూడండి, ఇంకోసారి అదే విమానానికి మైళ్ళ ధర చూడండి. చివరి పేజీ దాకా వెళ్లండి, ఎందుకంటే ‘ఉచిత’ టికెట్ మీద కట్టాల్సిన పన్నులు, రుసుములు, ఇంధన సర్‌ఛార్జీ బయటపడేది అక్కడే.

టికెట్ ధర 12,000 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా సరే. మైళ్ళతో కొంటే 20,000 మైళ్ళు, పైన పన్నులు 2,000. మీకు మిగిలింది 10,000. దాన్ని 20,000తో భాగిస్తే మైలుకు అర, అంటే 0.5.

ఇప్పుడు ఇంకో సంగతి చూడండి. అదే రోజు వేరే సంస్థ విమానం 9,000కే ఉంది. మైళ్ళు లేకపోతే మీరు ఎక్కేది దాన్నే. అంటే మీకు నిజంగా మిగిలింది 7,000 మాత్రమే, మైలు విలువ 0.35కి దిగిపోయింది. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. డబ్బుతో కొన్న టికెట్ మీద కొత్త మైళ్ళు వస్తాయి, మైళ్ళతో కొన్న టికెట్ మీద మామూలుగా రావు. ఆ మేరకు ఇంకాస్త తగ్గించుకోవాలి.

బిజినెస్ క్లాసు విషయంలో ఈ పొరపాటు మరీ పెద్దది. 60,000 విలువ చేసే సీటును మైళ్ళతో తీసుకుంటే మైలు విలువ చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మీరు డబ్బు పెట్టి ఆ సీటు 60,000కి ఎప్పటికీ కొనరు. ఆ సౌకర్యానికి మీ జేబులోంచి మహా అయితే ఎంత ఇస్తారో అదే దాని విలువ. ఆ ప్రయాణం చేయాలని మనసులో గట్టి కోరిక ఉంటే అదీ మంచి కారణమే, కానీ దాన్ని పొదుపు లెక్కలో కలపకండి.

ఇలా కనీసం మూడు తేదీలకు చూసి సగటు తీయండి. నేను ఒకసారి ఒక సాయంత్రమంతా వరసగా తేదీలు మార్చి మార్చి వెతికాను. నాకు కావలసిన రెండు వారాల్లో మైళ్ళతో సీటు ఉన్నది ఒక్క రోజు, అదీ నడిరాత్రి విమానం. కార్డు తీసుకునే ముందే ఈ వెతుకులాట చేసి ఉండాల్సింది.

4. అదే ఖర్చుకు మామూలు కార్డు ఏమిస్తుందో చూడండి

కార్డు మీద ఏడాదికి 3,00,000 ఖర్చు పెడతారనుకోండి. విమాన కార్డు ప్రతి 100కి 2 మైళ్ళు ఇస్తుంది. మొత్తం 6,000 మైళ్ళు. మైలు 0.5 అయితే విలువ 3,000. ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు 1.5 శాతం ఇస్తే 4,500 డబ్బు రూపంలోనే చేతికొస్తుంది. సీట్ల కోసం వెతకక్కర్లేదు, గడువు తీరిపోతుందన్న బెంగ లేదు. మైళ్ళను ఏమీ లేకపోవడంతో పోల్చితే ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది, అందుకే ఇలా ఇంకో కార్డుతో పోల్చాలి.

విదేశాల్లో వాడతారా? కరెన్సీ మార్పిడి రుసుము చూడండి. చాలా కార్డుల మీద అది 3 శాతం దగ్గరలో ఉంటుంది, అంటే వచ్చే మైళ్ళను మింగేసి ఇంకా ఎదురు తీసుకుంటుంది.

5. బ్యాగు, లాంజ్ వగైరా

నిజానికి చాలా కుటుంబాలకు ఈ కార్డు గిట్టేది మైళ్ళ వల్ల కాదు, బ్యాగు వల్ల. బ్యాగుకు విడిగా డబ్బు తీసుకునే సంస్థ అయితే, మీరు ఇప్పటికే బ్యాగు ఇస్తుంటే, ఆ రుసుము నేరుగా మిగులుతుంది. షరతులు చదవండి: ఒకే బుకింగ్‌లో ఉన్న తోటివాళ్ళకూ ఉచితమా, ఎంతమందికి, టికెట్ అదే కార్డుతో కొనాలా. కొన్ని కార్డులు ఈ చివరి షరతు పెడతాయి, అది తెలియక కౌంటర్ దగ్గర డబ్బు కట్టినవాళ్ళు ఉన్నారు.

లాంజ్‌కు, అంటే విమానాశ్రయంలో కూర్చుని తినే విశ్రాంతి గదికి, మీరు బయట తినడానికి పెట్టే ఖర్చు ఎంతో అంతే విలువ వేయండి. ముందుగా బోర్డింగ్ విలువ సున్నా అనే నేను రాసుకుంటాను. తోడు టికెట్ వోచర్ (మీతో వచ్చేవాళ్ళ టికెట్‌కు పనికొచ్చే కూపన్) ఇస్తే, గత ఏడాది మీ పట్టికలో అది సరిపోయే ప్రయాణం ఉందో లేదో చూశాకే లెక్కలోకి తీసుకోండి.

6. ఇప్పుడు కూడి తీసేయండి

పై ఉదాహరణే తీసుకుందాం. వార్షిక ఫీజు 3,000. బ్యాగు రుసుము ఒక వైపుకు 500. ఒక్కరే ఏడాదికి రెండుసార్లు వెళ్లి వస్తే నాలుగు వైపులు, 2,000 మిగులు. మైళ్ళు 3,000 కలిపి, ఫీజు 3,000 తీసేస్తే చేతిలో 2,000. క్యాష్‌బ్యాక్ కార్డు 4,500 ఇచ్చేది. ఈ మనిషికి విమాన కార్డు వద్దు.

అదే ప్రయాణాలు నలుగురు కలిసి చేసి, నలుగురి బ్యాగులకూ మినహాయింపు ఉంటే బ్యాగుల మీదే 8,000 మిగులుతుంది. ఫీజు పోగా మొత్తం 8,000. ఈ కుటుంబానికి అదే కార్డు బాగా పనికొస్తుంది. కార్డు ఒకటే, ఖర్చు ఒకటే, జవాబు మాత్రం తిరగబడింది.

ఒకవేళ తేడా బొటాబొటిగా వస్తే నేను క్యాష్‌బ్యాక్ వైపే మొగ్గుతాను. దానికి కారణం ఉంది.

మైళ్ళ విలువ సంస్థ చేతిలో ఉంటుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మేలో తన పథకం మొదలుపెట్టినప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు. 2015లో అమెరికాకే చెందిన డెల్టా, యునైటెడ్ సంస్థలు రెండూ దూరాన్ని వదిలి టికెట్ ధరను బట్టి మైళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికను డెల్టా అదే ఏడాది తీసేసింది. 2019లో యునైటెడ్ కూడా తీసేసింది. పట్టిక లేకపోతే ధర ఎప్పుడు పెరిగిందో మీకు తెలిసే దారి లేదు. సంస్థే మూతపడితే ఇంకా కష్టం. 2001 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఆన్సెట్ అనే విమాన సంస్థ కుప్పకూలినప్పుడు జనం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పాయింట్లు ఆ సంస్థతోపాటే పోయాయి. అందుకని మైళ్ళను దాచుకోకండి, టికెట్‌కు సరిపడా రాగానే వాడేయండి. గడువు కూడా చూసుకోండి: సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్ళకు మామూలుగా మూడేళ్ళే గడువు, ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ పాయింట్లు ఖాతాలో 18 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి.

సంస్థలకు ఈ పథకాలు ఎంత విలువైనవో తెలుసుకోవడానికి 2020 చూస్తే చాలు. విమానాలు ఆగిపోయిన ఆ ఏడాది డెల్టా తన స్కైమైల్స్ పథకాన్నే తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. బ్యాంకులు మైళ్ళను సంస్థ దగ్గర డబ్బిచ్చి కొని మనకు పంచుతాయి. ఆ డబ్బు చివరికి దుకాణాలు కట్టే రుసుముల్లోంచి, మన వార్షిక ఫీజుల్లోంచి, వడ్డీల్లోంచి వస్తుంది.

7. తీసుకోవాలని తేలితే

బోనస్‌ను ఇప్పుడు చూడండి. ఇన్ని నెలల్లో ఇంత ఖర్చు పెట్టాలన్న షరతు ఉంటుంది. అది మీ మామూలు ఖర్చుతోనే నిండాలి. ఏడాది బీమా ప్రీమియమో, స్కూలు ఫీజో కట్టే నెలలు దగ్గర్లో ఉంటే అప్పుడు దరఖాస్తు పెట్టండి. బోనస్ కోసం అక్కర్లేని వస్తువులు కొంటే ఆ మైళ్ళు మీరు డబ్బు పెట్టి కొన్నట్టే.

కార్డు వచ్చిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో పదకొండో నెలకు గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఈ కాగితం మళ్లీ తీసి, గడిచిన ఏడాది అసలు అంకెలు రాయండి. ఫీజు వెనక్కి రాకపోతే బ్యాంకుకు ఫోన్ చేసి ఫీజు మాఫీ చేస్తారా అని అడగండి, లేదంటే అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకు మార్చమనండి. మూసేయాల్సి వస్తే ముందు ఒకటి చూసుకోండి: మైళ్ళు విమాన సంస్థ ఖాతాలో చేరిపోయి ఉంటే సాధారణంగా అక్కడే ఉంటాయి, బ్యాంకు దగ్గర పాయింట్లుగా ఉంటే కార్డుతోపాటు పోవచ్చు. ఆ పాయింట్లను మైళ్ళుగా మార్చుకున్నాకే ఫోన్ చేయండి.