స్టడీ స్కిల్స్ మాడ్యూల్‌ను మా పిల్లలకు తగ్గట్టు ఇలా మార్చాను

అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు పాఠాలు చెబుతాను. మాకు రెడీమేడ్‌గా వచ్చిన స్టడీ స్కిల్స్ మాడ్యూల్ మంచిదే, కానీ ఉదాహరణలన్నీ ఎక్కడివో. పిల్లలు రెండో పేజీ దాటేవారు కాదు.

ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడిల్‌లో దాని బ్యాకప్ తీసి, కొత్త కోర్సులోకి రీస్టోర్ చేశాను. అసలుది అలాగే ఉంది. నోట్స్ పాఠంలో కార్నెల్ పద్ధతి ఉంది: కుడివైపు వెడల్పు గడిలో నోట్స్, ఎడమవైపు సన్న గడిలో ప్రశ్నలు, అడుగున సారాంశం. అక్కడ మన జిల్లానే పెట్టాను. ఎడమ గడిలో ‘ఇక్కడ వాన ఎందుకు తక్కువ?’, కుడి గడిలో పడమటి కనుమల వర్షచ్ఛాయ (కొండలు వాన మేఘాలను అడ్డుకోవడంతో ఇవతలి వైపు వాన తగ్గడం). అంతే, పిల్లలు తమ ఊరి బోర్ల సంగతి కూడా రాయడం మొదలుపెట్టారు!

ఒక పేజీ పూర్తయితేగానీ తర్వాతది తెరుచుకోదనే షరతు తీసేశాను. పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లు నేరుగా టైమ్‌టేబుల్ పేజీకి వెళ్లగలగాలి. క్విజ్‌కి మాత్రం ఉంచాను.