జంబలాయా: కేజన్ పద్ధతి, క్రియోల్ పద్ధతి

జంబలాయా అంటే మాంసం, సాసేజ్, కూరగాయలతో కలిపి ఒకే గిన్నెలో వండే అన్నం. అది వండేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: టమాటా వేస్తారా, వెయ్యరా? అమెరికాలోని లూసియానాలో, న్యూ ఆర్లీన్స్ నగరపు క్రియోల్ వంటలో టమాటా పడుతుంది, అన్నం ఎర్రగా వస్తుంది. అదే రాష్ట్రంలోని పల్లెల్లో కేజన్‌ వాళ్లు టమాటా జోలికి పోరు. 1755లో మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి వాళ్ల వారసులు వీళ్లు. వీళ్ల జంబలాయా ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఆ రంగు ఏ మసాలాదీ కాదు, గిన్నె అడుగుది.

ముందు కేజన్ పద్ధతి. ఆరుగురికి: ఎముక తీసిన కోడి తొడ మాంసం 750 గ్రాములు, ఆండూయి సాసేజ్ 350, పెద్ద ఉల్లిపాయలు రెండు, క్యాప్సికమ్ ఒకటి, సెలరీ కాడలు రెండు, వెల్లుల్లి ఐదు రెబ్బలు, పొడుగు బియ్యం రెండు కప్పులు, చికెన్ స్టాక్ (కోడి ఎముకలు మరిగించి వడకట్టిన నీళ్లు) మూడున్నర కప్పులు, కెయెన్ కారం అర చెంచా, బిర్యానీ ఆకులు రెండు, కాస్త థైమ్ (వాసన కోసం వేసే ఓ ఆకు). ఆండూయి అంటే బాగా పొగపెట్టిన పంది సాసేజ్. హైదరాబాద్‌లో అది దొరక్కపోతే పొగపెట్టిన సాసేజ్ ఏదైనా సరే, పొగ వాసన ముఖ్యం. కెయెన్ బదులు గుంటూరు కారం నిక్షేపంగా పనికొస్తుంది.

మందపాటి ఇనుప గిన్నె కావాలి. నాన్‌స్టిక్‌లో అడుగు పట్టదు, అడుగు పట్టకపోతే రంగే లేదు. రెండు చెంచాల నూనెలో సాసేజ్ ముక్కలు వేయించి తీసేయండి. తర్వాత చికెన్‌ని తడి తుడిచి, రెండు మూడు విడతలుగా వేయండి. అంతా ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతుందే తప్ప వేగదు. వేసిన ముక్కని నాలుగైదు నిమిషాలు కదపొద్దు. అడుగున ముదురు బెల్లం రంగు పొర కట్టాలి. నల్లబడి మాడు వాసన వస్తే గిన్నె మార్చి మళ్లీ మొదలుపెట్టడమే, ఆ చేదు చివరిదాకా పోదు.

చికెన్ తీసి ఉల్లిపాయలు వేయండి. వాటి నీటికి ఆ పొర కరుగుతుంది, చెక్క గరిటెతో గీకుతూ ఉండండి. మళ్లీ పట్టేలా ఉంటే రెండు చెంచాల స్టాక్ పోసి మళ్లీ గీకాలి. ఇలా పావుగంట పైనే పడుతుంది, తొందరపడితే కుదరదు. ఉల్లి గోధుమ రంగుకి వచ్చాక క్యాప్సికమ్, సెలరీ, ఐదు నిమిషాలకి వెల్లుల్లి, కారం, థైమ్, ఆకులు. తీసిపెట్టిన సాసేజ్, చికెన్ మళ్లీ గిన్నెలో వేసి, స్టాక్ పోసి మరిగించండి.

ఇప్పుడు ఎసరు రుచి చూడండి. నాలుకకి ఒక పిసరు ఉప్పెక్కువ అనిపించాలి, బియ్యం లాగేసుకుంటుంది. బిర్యానీలోలా బియ్యాన్ని సగం ఉడికించి వార్చే పని లేదు, పచ్చి బియ్యమే ఎసట్లో పడుతుంది. కడిగి నీళ్లు పూర్తిగా ఒడకట్టి వేయండి, నానబెట్టొద్దు. ఎసరు ఇంకి బియ్యం పైకి కనబడగానే మంట బాగా తగ్గించి మూత పెట్టండి. ఇరవై నిమిషాలు మూత తియ్యొద్దు. తర్వాత అడుగు నుంచి ఒక్కసారి పైకి తిరగేసి, మంట ఆర్పి, పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి.

సోనా మసూరి వద్దు, ముద్దవుతుంది. పాత బాస్మతి బాగుంటుంది కానీ దాని వాసన కాస్త అడ్డొస్తుంది. పొడుగు గింజ ఉప్పుడు బియ్యమైతే పొరపాట్లని కాస్తుంది, కానీ మరో అయిదు నిమిషాలు పడుతుంది. మూత తీశాక గింజ పలుకుగా ఉంటే అర కప్పు వేడి స్టాక్ చల్లి మళ్లీ మూయండి, కలపొద్దు.

క్రియోల్ పద్ధతిలో ఉల్లి మెత్తబడితే చాలు, అంత వేపుడు అక్కర్లేదు. క్యాప్సికమ్, సెలరీ, వెల్లుల్లి మగ్గాక 400 గ్రాముల టమాటాలు చిదిమి వేయండి. అందరూ తప్పేది ఇక్కడే: టమాటా రసం కూడా ఎసరే. స్టాక్‌ని రెండున్నర కప్పులకి తగ్గించకపోతే జంబలాయా కాస్తా జావ అవుతుంది. టమాటా అడుగంటడం కూడా త్వరగా జరుగుతుంది, మంట ఇంకాస్త తక్కువ ఉండాలి. రొయ్యల తొక్కలు ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టిన నీళ్లు స్టాక్‌గా వాడితే ఈ పద్ధతికి మరీ బాగుంటుంది. రొయ్యల్ని మాత్రం ముందే వేయకండి, రబ్బరు ముక్కలవుతాయి. ఆఖరి ఐదు నిమిషాలప్పుడు అన్నం మీద పరిచి మూసేస్తే, ఆ ఆవిరికే గులాబీ రంగుకి తిరిగి ఉడికిపోతాయి. పైన ఉల్లికాడలు తరిగి చల్లి వేడిగా వడ్డించండి.