ఉద్యోగం వచ్చేదాకా ఎన్ని నెలలు? సర్వైవల్ అనాలిసిస్ నేర్చుకోవడం ఎలా?

అమీర్‌పేటలో ఒక హాస్టల్ గది అనుకోండి. కోచింగ్‌కి వచ్చిన ఐదుగురు ఉన్నారు. ఒకరికి రెండో నెలలో ఉద్యోగం వచ్చింది, ఒకరికి మూడో నెలలో, ఇంకొకరికి ఆరో నెలలో. ఒకతను నాలుగో నెల తర్వాత ఫోన్‌కి దొరకలేదు. ఐదో అతను ఎనిమిది నెలలైనా వెతుకుతూనే ఉన్నాడు.

చాలామంది ఉద్యోగం వచ్చిన ముగ్గురికే సగటు తీసి, నాలుగు నెలల లోపే పడుతుందని రాసేస్తారు. నన్ను బాధపెట్టేది ఇదే. ఎక్కువ కాలం ఎదురుచూసినవాళ్లే లెక్కలోంచి జారిపోతున్నారు. వాళ్లనీ కలుపుకుని, ఒక సంఘటన జరిగేదాకా ఎంత కాలం పడుతుందో లెక్కించేదే సర్వైవల్ అనాలిసిస్.

ముందు గడియారం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోండి: నగరానికి వచ్చిన రోజా, కోర్సు అయిపోయిన రోజా? తర్వాత ఒక్కొక్కరికి రెండే అంకెలు రాయండి. ఎన్ని నెలలు చూశాం, ఉద్యోగం వచ్చిందా (1), ఇంకా రాలేదా (0). ఆ సున్నానే సెన్సారింగ్ అంటారు.

ఇప్పుడు కాగితం మీదే లెక్క చేయండి, కంప్యూటర్ తర్వాత. రెండో నెలలో బరిలో ఐదుగురు, ఒకరికి వచ్చింది. ఇంకా రానివాళ్ల వాటా 4/5, అంటే 0.8. మూడో నెలలో నలుగురిలో ఒకరు: 0.8ని 3/4తో గుణిస్తే 0.6. నాలుగో నెలలో విలువ మారదు గానీ బరిలో ఇద్దరే మిగిలారు. ఆరో నెలలో ఆ ఇద్దరిలో ఒకరు: 0.3. వాటా సగానికి దిగింది ఆరో నెలలో, కాబట్టి మధ్యస్థం 6 నెలలు. ముగ్గురినే తీసుకుంటే అది 3. ఇది 1958లో కాప్లన్, మైయర్ ఇచ్చిన పద్ధతి.

ఒక జాగ్రత్త. ఫోన్‌కి దొరకని అతను నంబర్ మార్చుకుని ఉంటే ఇబ్బంది లేదు. ఆశ వదులుకుని ఊరెళ్లిపోయి ఉంటే మాత్రం ఈ లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కారణం తప్పకుండా అడిగి రాసుకోండి.

ఆ తర్వాత ఆర్ సాఫ్ట్‌వేర్‌లో 'సర్వైవల్' ప్యాకేజీ తెరవండి. సాధనకు 'రోసీ' డేటా బాగుంటుంది: అమెరికాలోని మేరీలాండ్ జైళ్ల నుంచి విడుదలైన 432 మందిని 52 వారాలు గమనించారు, 114 మంది మళ్లీ అరెస్టయ్యారు. దానిమీద 1972 నాటి కాక్స్ మోడల్ నడపండి. వయసు లాంటి ఒక్కో అంశం అరెస్టయ్యే వేగాన్ని ఎన్ని రెట్లు మారుస్తుందో అది చెబుతుంది; ఆ రెట్టింపు అంకెనే హజార్డ్ రేషియో అంటారు. హజార్డ్ రేషియో 1.5 వస్తే కాలం ఒకటిన్నర రెట్లని కాదు. ఏ వారంలోనైనా, ఇంకా మిగిలినవాళ్లలో ఒక గుంపు అరెస్టయ్యే వేగం పోల్చిన గుంపుకంటే ఒకటిన్నర రెట్లని అర్థం. ఆ నిష్పత్తి మొదటి వారం నుంచి చివరిదాకా ఒకేలా ఉందో లేదో తప్పక పరీక్షించండి.

మన సర్వేల్లో తేదీలు దొరకవు. 'బోనాలప్పుడు చేరాను' అంటారు, అంటే నెలే తెలుస్తుంది. అప్పుడు ఒక్కో మనిషికి నెలకో వరుస రాసి, ఆ నెలలో ఉద్యోగం వచ్చిందా (1), లేదా (0) అని వేసి, లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును, కాదు అనే ఫలితాల అవకాశాన్ని అంచనా వేసే పద్ధతి) నడిపితే సరిపోతుంది.