రీప్లేను ఒక సెకను ముందట ఆపండి: కప్పు మ్యాచ్‌ల మీద వాదించే పద్ధతి

ఫుట్‌బాల్ లీగ్‌లో రెఫరీ తప్పు చేస్తే వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటది. కప్పులో ఆ సవులత్ లేదు. ఒక్క విజిల్ తేడా వస్తే ఇంటిబాట పట్టుడే. మా నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ హోటల్‌లో పొద్దుగాల లొల్లి అయ్యేదంతా అందుకే కప్పు మ్యాచ్‌ల మీదనే.

నేను కాలేజీ రోజుల నుంచి గోలీని, అంటే గోల్‌కీపర్‌ను. ఇప్పుడు బడి పిల్లల పోటీలకు విజిల్ పడుతున్న. రెండు పనులూ చేసినోణ్ని గనుక చెప్తున్న. రీప్లేలో అందరూ కాలు తగిలిన క్షణాన్నో, బంతి వలలో పడ్డ క్షణాన్నో చూస్తరు. మీరు దానికి ఒక సెకను ముందట ఆపండి. రెఫరీ ఎక్కడున్నడు, గోలీ ఎక్కడ నిలబడ్డడు, వాళ్లకు బంతికి నడుమ ఎవరెవరున్నరు? తీర్పు తప్పా ఒప్పా, గోల్ ఎవరి పాపం అన్నది చానాసార్లు అక్కడనే తేలుతది.

ముందుగాల కొలతకు వచ్చేది, అంచనాకు వచ్చేది వేరు చేయండి

బంతి గీత దాటిందా లేదా అన్నది కొలత. ఫౌలా కాదా అన్నది అంచనా. ఈ రెండిటినీ కలిపి వాదిస్తే తెల్లారేదాకా తెగదు. కొలత సంగతైతే అభిప్రాయాలు పక్కన పెట్టి చూడాలె.

గీత గురించి వాదన వస్తే నేను పిల్లలను గ్రౌండ్‌కు తీస్కపోయి సున్నం గీత మీద చూపిస్త. అయిదో నంబర్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. అంటే అడ్డంగా దగ్గరదగ్గర 22. బంతిని గీతకు బయట, దాని అడుగు గీత అంచుకు నాలుగు వేళ్ల దూరాన ఉండేటట్టు పెట్టండి. పక్కన నిలబడి చూసినోడు "బయటికి పోయింది, మట్టి కనబడుతుంది" అంటడు. ఇప్పుడు సరిగ్గా పైనుంచి వంగి చూడండి. నేలకు తగిలేది బంతి అడుగు ఒక్కటే. దాని కడుపు భాగం ఇంకా గీత మీదికే వస్తది. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే బయట అని రూలు. 2022 డిసెంబర్ 1న ప్రపంచకప్ జపాన్–స్పెయిన్ మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు మితోమా లాగి ఇచ్చిన బంతి ఇట్లాంటిదే. పక్క నుంచి తీసిన ఫొటోలో బయటున్నట్టే ఉంది. వీఏఆర్ (వీడియోలో తీర్పును సరిచూసే రెఫరీలు) చూసినంక ఆ బంతిని తనాకా కొట్టిన గోల్ నిలిచింది, జపాన్ 2–1తో గెలిచింది, అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటికి పోయింది. ఆ తీర్పు సరైనది. పక్క ఫొటో చూపించి వాదించేవాళ్లను ఒకసారి గ్రౌండ్‌కు తోలుకపోండి.

దీనికి ఉల్టా మన దేశం మ్యాచ్. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతది. 2024 జూన్ 11, దోహాలో ఖతార్‌తో ప్రపంచకప్ క్వాలిఫయర్. 37వ నిమిషంలో మనోడు ఛాంగ్తే గోల్ కొట్టిండు, మనమే ముందున్నం. 73వ నిమిషంలో ఖతార్ తలతో కొట్టిన బంతిని (హెడర్) మన గోలీ గురుప్రీత్ ఆపిండు. బంతి ఆయనను దాటి, పోస్టు పక్క నుంచి గోల్‌లైన్ అవతలికి పోయింది. గురుప్రీత్ ఇంకా నేల మీదనే ఉన్నడు. మనోళ్లు ఇక ఖతార్‌కు కార్నర్ (మూల నుంచి తన్నే కిక్) ఇస్తరనుకొని ఆగిన్రు. ఖతార్ ఆటగాడు హష్మీ హుస్సేన్ బయటున్న బంతిని కాలితో లోపలికి లాగిండు, వాళ్లోడే యూసఫ్ అయ్‌మన్ గోల్‌లోకి నెట్టిండు. రెఫరీ గోల్ ఇచ్చిండు. 85వ నిమిషంలో ఇంకోటి పడి 2–1తో ఓడిపోయినం, మూడో రౌండ్ దారి మూసుకపోయింది.

ఇక్కడ వాదన ఎట్ల చేయాలె? బంతి బయటికి పోయింది, అది కొలత, అందులో రెండో మాట లేదు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు కాబట్టి రెఫరీకి, లైన్స్‌మన్‌కు కండ్లే దిక్కు. ఇక అడగాల్సింది ఒక్కటే: బంతి గీత దాటేటప్పుడు వాళ్లిద్దరూ ఎక్కడున్నరు, నడుమ పోస్టు, గోలీ, ఎన్ని కాళ్లు అడ్డమొచ్చినయి? కనబడకపోవుడు వేరు, చూసి ఇచ్చుడు వేరు. "అమ్ముడుపోయిండు" అనే మాట నా బల్ల దగ్గర నడవనియ్య. తీర్పు తప్పు అనడానికి సాక్ష్యం చాలు, నియ్యత్ తప్పు అనడానికి వేరే సాక్ష్యం కావాలె.

మరి గురుప్రీత్ సంగతి? మా మిర్యాలగూడ బావ రైస్‌మిల్ పని చూసుకొని వచ్చినప్పుడల్లా ఇదే తీస్తడు: "గోలీ బంతి మీద చెయ్యేస్తే పంచాయితే ఉండకపోవు గద బావా." మాట వరకు నిజమే. విజిల్ పడేదాకా ఆట ఆగొద్దని గోలీకి మొదటి రోజే నేర్పుతం. కానీ హెడర్‌ను ఆపినంక కింద పడ్డ మనిషి, గీత దాటిన బంతిని మళ్లా వెనక్కి తెస్తరని అనుకోడు. ఆ గోల్‌లో ఆయన పాలు నేను లెక్కగట్ట.

ఫౌల్ మీద మాట్లాడేటప్పుడు

స్లో మోషన్ నమ్మకండి. మెల్లగా తిప్పితే ప్రతి తాకుడూ కావాలని తన్నినట్టే కనబడుతది. తాకిందా, ఎక్కడ తాకింది అన్నదానికి స్లో మోషన్ చూడండి. ఎంత జోరుగా తాకిందో మామూలు వేగంలోనే చూడండి. వీఏఆర్ ఉన్న మ్యాచ్‌లో "నేనైతే పెనాల్టీ ఇస్త" అనుడు పనికిరాదు. రెఫరీ మొదటి తీర్పు స్పష్టంగా తప్పా అన్నదే ప్రశ్న. అటూ ఇటూ చెప్పుకోగలిగితే మైదానంలో ఇచ్చిందే నిలవాలె.

గోలీకి గోల్ ముందటి బాక్స్‌లో అంతా చెల్లుతదని చానామంది అనుకుంటరు. చెల్లదు. 1982 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో పశ్చిమ జర్మనీ గోలీ షుమాకర్ ఎగిరొచ్చి ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్‌ను గుద్దితే ఆయన స్పృహ తప్పిండు, పండ్లు ఊడినయి. రెఫరీ ఫౌల్ కూడా ఇయ్యలేదు. అదే షుమాకర్ తర్వాత షూటౌట్‌లో (సమమైన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చుడు) రెండు పెనాల్టీలు ఆపి పశ్చిమ జర్మనీని ఫైనల్‌కు పంపిండు. డిఫెండర్ అట్ల గుద్దితే ఏ కార్డు వస్తదో గోలీకీ అదే రావాలె.

గోలీని తిట్టే ముందు

నాకు పానం ఉన్నదంతా ఇక్కడనే. గోల్ పడంగనే "గోలీ తప్పు" అనేవాళ్లు డైవ్‌ను చూసి మాట్లాడుతరు. డైవ్ ఆఖరి పని. దాని ముందటివి మూడు చూడండి.

మొదటిది, షాట్ కొట్టేటప్పుడు గోలీ పాదాలు రెండూ నేల మీద నిలకడగా ఉన్నయా? నడుస్తుండంగ, వెనక్కి జరుగుతుండంగ షాట్ వస్తే ఎంత గొప్ప చేతులున్నా అందదు. రెండోది, బంతి నుంచి గోల్ నడిమధ్యకు ఒక గీత గీసుకోండి. గోలీ ఆ గీత మీద ఉండాలె. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. గోల్‌లైన్ నుంచి ఆ గీత మీదనే రెండడుగులు ముందటికొస్తే కొట్టేటోనికి కనబడే సందు తగ్గుతది, మరీ ముందటికొస్తే నెత్తి మీదికెల్లి ఎత్తేస్తడు. మూడోది, గోలీకి బంతి కనబడిందా? టీవీ కెమెరా పైనుంటది, మనకు అంతా సాఫ్‌గ కనబడుతది. గోలీ కండ్ల ముందట అయిదారుగురి నడుములు తప్ప ఏమీ ఉండయి. ఎదుటి జట్టోడు ఆఫ్‌సైడ్‌లో (బంతి కొట్టేటప్పుడు డిఫెండర్లను దాటి గోల్ దగ్గరగా) నిలబడి గోలీ చూపుకు అడ్డమొస్తే, బంతిని తాకకపోయినా ఆ గోల్ చెల్లదు. దీన్ని మర్చిపోయి ఎన్ని కొట్లాటలు అయినయో.

దగ్గరి పోస్టు వైపు గోల్ పడితే గోలీదే తప్పు అనే మాట పూర్తిగా నమ్మొద్దు. నిలబడ్డ చోటు సరిగా ఉండి, నాలుగు గజాల నుంచి జోరుగా కొడితే ఎవరూ ఆపలేరు. రీబౌండ్‌లో మాత్రం నేను కఠినంగనే ఉంట. ఆపిన బంతి పక్కకు పోవాలె. గోల్ ముందట నడిమధ్యకు నెడితే అది గోలీ లెక్కే.

మంచి గోలీతనం చూడాలంటే 2022 ప్రపంచకప్ ఫైనల్ అదనపు సమయం ఆఖరి నిమిషాలు పెట్టుకోండి. 3–3 మీద ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒక్కడే దూసుకొచ్చిండు. షాట్‌కు ముందట ఆపి అర్జెంటీనా గోలీ మార్టినెజ్‌ను చూడండి. గోల్‌లైన్ వదిలి ముందటికొచ్చి, తొందరపడి పడిపోకుండ నిలబడ్డడు. షాట్ వచ్చినంక కాళ్లు చేతులు చాపితే ఎడమ కాలుకు తగిలి బంతి ఆగింది. అందరూ ఆ కాలునే చూపిస్తరు. నేను పిల్లలకు ఆ నిలబడ్డ తీరు చూపిస్త.

పెనాల్టీలకు వీడియోను తన్నే క్షణంలో ఆపండి

ముందూ కాదు, వెనకా కాదు, కాలు బంతికి తగిలే ఫ్రేములోనే. ఆ క్షణాన గోలీ ఒక్క పాదంలో కొంతైనా గోల్‌లైన్ మీదనో, గీతకు సూటిగనో, వెనకనో ఉంటే చాలు. లేకపోతే, ఆపినా మళ్లా తన్నిస్తరు. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ షూటౌట్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ గోలీ కట్టిమణి, కేరళ బ్లాస్టర్స్ ఆటగాడు నిషు కుమార్ షాట్ ఆపితే, గీత వదిలిండని రెఫరీ మళ్లా తన్నించిండు. కట్టిమణి మళ్లా ఆపిండు. 3–1తో కప్పు మనకొచ్చింది.

రూళ్లు మారుతుంటయి, అది కూడా చూసుకోవాలె. 2025 మార్చిలో చాంపియన్స్ లీగ్ షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు అల్వారెజ్ జారి, బంతి రెండు కాళ్లకు తగిలిందని అతని గోల్ కొట్టేసిన్రు. అప్పటి రూలు ప్రకారం అది సరైనదే. నాకు మాత్రం అన్యాయం అనిపించింది. కొన్ని నెలలకే రూల్‌ను సరిదిద్దిన్రు: కావాలని కాకుండ రెండుసార్లు తగిలి గోల్ పడితే మళ్లా తన్నాలె. 2025–26 సీజన్ నుంచి గోలీ బంతిని చేతిలో పెట్టుకొనే వ్యవధి కూడా మారింది. 8 సెకన్లు దాటితే ఎదుటి జట్టుకు కార్నర్. పాత 6 సెకన్ల రూలు పట్టుకొని మాట్లాడే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పండి. గోలీ బంతిని పూర్తిగా అదుపులోకి తీసుకున్నంక రెఫరీ లెక్క మొదలుపెడతడు, చివరి అయిదు సెకన్లు చెయ్యెత్తి వేళ్లతో చూపిస్తడు. గోలీ ఆలస్యం చేసిండని వాదన వస్తే ముందుగాల ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో వెతకండి.