సెలవు మంజూరయ్యే వరకు తేదీ చెప్పకండి
సైన్యంలో కొత్తగా చేరేవారు "రోజూ ఫోన్ చేస్తాను" అని ఇంట్లో మాట ఇవ్వకండి. శిక్షణ మొదటి వారాల్లో ఫోను మీ చేతిలో ఉండకపోవచ్చు. ఉన్నా, రాత్రయ్యేసరికి ఒళ్ళు హూనమై మాట పెగలదు. "కబురు లేకపోతే క్షేమంగా ఉన్నట్టే" అని ముందే చెబితే అమ్మ కాస్త కుదుటపడుతుంది. మనసిచ్చిన వారికైతే ఉత్తరమే మేలు. నాలుగు వాక్యాలనే పదిసార్లు చదువుకుంటారు. ఫోనులో దొరికే అయిదు నిమిషాలను అలకలకు ఖర్చు చేయకండి.

ఇక సెలవు. మంజూరయ్యాకే తేదీ చెప్పండి. ఆఖరి నిమిషంలో రద్దయితే మీకంటే ఎదురుచూసేవాళ్ళకే ఎక్కువ కష్టం. వచ్చిన మొదటి రోజు పలకరింపులేవీ పెట్టుకోకుండా నిద్రపోండి. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, అది వేరే సంగతి.