మెయిల్ సర్వర్ టెస్ట్ సూట్ నిర్వహణ

ఫిలిప్ హేజెల్ 1995లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఎక్సిమ్ మెయిల్ సర్వర్‌కు సొంత టెస్ట్ సూట్, అంటే పరీక్షల సముదాయం, ఉంది. రన్‌టెస్ట్ అనే పెర్ల్ స్క్రిప్టు ఒక్కో పరీక్షకు తగిన కాన్ఫిగరేషన్‌తో సర్వర్‌ను నడిపి, అది రాసిన లాగ్‌ను, చేరవేసిన మెయిల్‌ను, తెరపై చూపినదాన్ని ముందే భద్రపరచిన నమూనా ఫైళ్లతో పోల్చుతుంది.

ఇటువంటి సూట్‌లో నడిపిన ప్రతిసారీ మారేవాటిని, అంటే తేదీ, ప్రాసెస్ సంఖ్య, మెసేజ్ ఐడీ వంటివాటిని, పోల్చడానికి ముందే స్థిరమైన గుర్తులుగా మార్చాలి. ఆ మార్పిడికి ఏ అక్షరాలను పట్టుకోవాలో చెప్పే ప్యాటర్న్ వదులుగా ఉంటే నిజమైన తప్పులు కూడా దానిలో కలిసిపోతాయి. మరీ బిగువుగా ఉంటే, ఎక్సిమ్ 4.97 వెర్షన్‌లో మెసేజ్ ఐడీ 16 అక్షరాల నుంచి 23కు పెరిగినటువంటి సందర్భంలో అది పనిచేయడం మానేస్తుంది. నా మటుకు బిగువే మేలు, ఎందుకంటే అది విఫలమైతే కనీసం కంటికి కనిపిస్తుంది.

డొమైన్ పేర్లకు చిరునామాలు చెప్పే బయటి డీఎన్‌ఎస్‌ను పరీక్షలు అడగకూడదు. ఎక్సిమ్ సూట్ తన సొంత జోన్ ఫైళ్ల (డొమైన్ల వివరాలుండే ఫైళ్ల) నుంచి జవాబిచ్చే నకిలీ రిజాల్వర్‌ను వాడుతుంది. మీ సూట్‌లో డాట్ టెస్ట్, డాట్ ఇన్‌వాలిడ్ వంటి ప్రత్యేకించిన డొమైన్లనే వాడితే, పొరపాటున బయటికి పోయిన మెయిల్ కూడా ఎవరి పెట్టెకూ చేరదు. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను గుప్తీకరించే పద్ధతి) పరీక్షల సర్టిఫికెట్లకు గడువు ఉంటుందని మరవకండి.

భద్రతా లోపాన్ని సరిదిద్దినప్పుడల్లా దానికొక పరీక్ష చేర్చాలి. 2023 డిసెంబరులో బయటపడిన ఎస్‌ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి) స్మగ్లింగ్ అనే లోపంలో, సందేశం ముగిసిందని తెలిపే చుక్క చుట్టూ వరుస ముగింపులను సరిగా పాటించకపోయినా సర్వర్ అంగీకరించడంతో, ఒకే సందేశంలో రెండోది దాగి వెళ్లగలిగింది. దీన్ని పరీక్షించేటప్పుడు మెయిల్ పంపే రెడీమేడ్ క్లయింట్ లైబ్రరీని నమ్ముకోకండి. అది వరుస ముగింపులను తానే సరిచేసి పంపితే పరీక్ష నెగ్గుతుంది గాని దేన్నీ పరీక్షించదు. సర్వర్‌కు నేరుగా నెట్‌వర్క్ సాకెట్ తెరిచి బైట్లను ఉన్నవున్నట్టుగా పంపి, చేరినది ఒక్క సందేశమేనని నిర్ధారించుకోండి.

ఫలితం నమూనాతో కలవనప్పుడు రన్‌టెస్ట్ తేడాను చూపి, నమూనానే మార్చేయమంటారా అని కూడా అడుగుతుంది. విడుదల తొందరలో అన్నిటికీ సరేననడం అతి సులువు. ప్రతి తేడా వరుసకూ కారణం చెప్పగలిగినప్పుడే నమూనాను మార్చి, ఆ మార్పును దానికి కారణమైన కోడ్‌తో కలిపి ఒకే కమిట్‌గా (కోడ్ చరిత్రలో ఒకే నమోదుగా) చేర్చండి. సర్వర్ జవాబులో 250 లాంటి విజయ సంకేతం నిరాకరణ అయిన 550గానో, తాత్కాలిక నిరాకరణ అయిన 451 శాశ్వత నిరాకరణగానో మారితే, అది ఒక్క అంకె తేడాయే అయినా, అందుకోవలసిన లేదా తిరిగి ప్రయత్నించవలసిన మెయిల్‌ను పంపినవారికి తిప్పికొట్టేస్తుంది.